ఊరంత ఇంట్లనే ఉన్ననాడు

"అమ్మమ్మా, వచ్చే ఆదివారం కోచింగుల పెద్ద టెస్టు పెట్టిండ్రు. పొద్దుగాల పదింటికి. ఆరాధన గూడ అదే టైముకు కదా. నేనేం జెయ్యాలె?"

అగో, ఇదా నీ పరేషాను? పొద్దటి సంది మొకం ముడుసుకోని తిరుగుతుంటే ఒంట్ల బాగలేదేమో అనుకున్న. కూసో. ఆ స్టారుకు బల్బు తర్వాత పెడదాం, క్రిస్మస్ యాడికీ పారిపోదు. జర ఆ దిండు ఇటియ్యి, నడుము పట్టేసింది.

నువ్వు ఆఫీసరువు కావాలెనని మీ అమ్మ నిన్ను మా ఇంట్ల ఉంచి అశోక్‌నగర్‌ కోచింగుకు తోలింది. ఆదివారం ఎగ్గొట్టొద్దని గూడ ఆమెనే చెప్పి పంపింది. రెండూ ఒక్కనోటితోనే చెప్పింది కదా. అంటే రెండూ అయితయనే కదా చెప్పింది. కాదంటవా?

నాకు ఇది కొత్త గాదు దీపా. నేను టెలిఫోన్ ఎక్స్చేంజిల ఆపరేటరుగ చేరిన కొత్తల, నీ చేతిల ఉన్న ఫోను ఉన్నది చూడు, అది అప్పుడు గోడంత బోర్డు. చెవులకు హెడ్‌సెట్టు, ముంగట వైర్లు, ఒకటి పీకి ఒకటి పెట్టుడు. ఇక్కడి నుంచి బస్సుకు పది పైసలు తీసుకునెటోళ్లు... లేదు లేదు, పదిహేను. పది అంటే కోఠి దాక. ఎంతైతేంది, ఇగ విను. ఆదివారం డ్యూటీ పడేది. మా నాయిన మెదక్ దిక్కు ఉపదేశి, అంటే చర్చి అయ్యగారు రోజూ రాలేని ఊర్లల్ల ఆయనే ప్రార్థన పెట్టేటోడు, పెండ్లిండ్లకు సావులకు ఆయనే ముందుండెటోడు. ఆయనకు ఆదివారం అంటే ఆదివారమే. నా డ్యూటీ సంగతి తెలిసి, "జీతానికి దేవుని దినం అమ్ముకున్నవా బిడ్డా" అన్నడు. నేను గూడ ఆయన బిడ్డనే కదా, ఊకుంటనా? "నాయినా, యాడనో ఎవరికో తల్లి సీరియస్సు ఉండి ఫోను కాలు బుక్ చేస్తే, ఆపరేటరు చర్చికి పోయిందని చెప్పమంటవా?" అన్న. ఆయన అలిగిండు. మస్తు దినాలు మాట్లాడలే. క్రిస్మస్ నాడు నేను డ్యూటీలుంటే, ఏం జేసిండంటవు? టిఫిను డబ్బల పలావు పట్టుకోని ఎక్స్చేంజి గేటు కాడికి వచ్చిండు. "తిను, తిని పని చూడు" అన్నడు, గంతే. ఆ పలావు రుచి ఇప్పటికీ నా నాలిక మీదనే ఉన్నది. మా కోడలు శాంతి గూడ మంచిగనే చేస్తది, అనద్దు గాని... సరే, అది పక్కకు పెట్టు.

నేను చెప్పాలనుకున్నది మొన్న ఆగస్టు సంగతి. అప్పుడు నువ్వు మీ ఊర్లె ఉన్నవు. కమలమ్మ నీకెర్క లేదు. చర్చిల నా పక్కన కూసునేది. చిక్కడపల్లిల ఒక గల్లీల కిరాయి అర్ర, ఆమె, ఆమె పెనిమిటి ఏసుదాసు, ఇద్దరే ఇద్దరు. పిల్లలు లేరు. ఏసుదాసు ఎనుకట ప్రింటింగు ప్రెస్సుల సీసం అక్షరాలు పేర్చేటోడు. కంప్యూటర్లు వచ్చినంక ఆ పని పోయింది. ఇగ ముసలోళ్ల పింఛను, రేషను బియ్యం, చర్చోళ్లం ఏదన్న పెడితే అది. కమలమ్మ నన్ను సువార్తక్కా అనేది. నాకంటె చిన్నదే గాని, చూస్తే పెద్దగ కనవడేది, రోగం మనిషి.

ఆమెకు ఒక్కటే భయం ఉండె. రోడ్డు దాటుడు. మన చర్చికి పోవాలంటే నారాయణగూడ చౌరస్తా దాటాలె కదా. బస్సులు, ఆటోలు, కాలేజి పిల్లల బండ్లు... ఫ్లైఓవరు కట్టినంకనన్న కింద జర ఖాళీ అయితదేమో అనుకున్నం, ఏం కాలే. ఆడికి రాంగనే ఆమె నా మణికట్టు పట్టుకునేది. ఎట్ల పట్టుకునేదనుకున్నవు, అవుతలికి పోయి చూసుకుంటే చెయ్యి ఎర్రగ ఉండేది. "సువార్తక్కా, ఈ రోడ్డును ఒక్కనాడన్న భయం లేకుంట దాటుతనా నేను" అనేది. నేను నవ్వుతుంటి. "పరలోకంల ట్రాఫిక్కు ఉండదు తియ్యి" అంటుంటి. గిట్లాంటి మాటలు అనద్దు గాని, అంటం.

ఇగ ఆగస్టుకు వద్దాం. తెలంగాణ రాంగనే కొత్త సర్కారు సర్వే పెట్టింది కదా. ఒక్కటే రోజు, ఇంటింటికీ వచ్చి మనుషుల లెక్క రాసుకుంటరు, ఆనాడు ఎవ్వరు ఇల్లు కదలద్దు అని. బస్సులు బందు, దుకాణాలు బందు. జనం ఏమనుకున్నరంటే, నిజమో అబద్ధమో దేవునికెర్క, ఆనాడు ఇంట్ల దొరకకపోతె రేషను కట్టు, పింఛను కట్టు అని. అందరికి అదే గుబులు. మా కొడుకు ప్రభాకర్‌కు గూడ ఆ రాసే డ్యూటీ పడ్డది, ఉప్పల్ దిక్కు.

దానికి ముందల ఆదివారం మా అయ్యగారు, సంఘకాపరి, ఏం ప్రకటన చెప్పిండు? మంగళారం అందరికి సెలవు కదా, పొద్దటి నుంచి పొద్దుమీకె దాక ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం, అందరు రాండ్రి అన్నడు. మంచి మనిషే, వయసుల చిన్నోడు, ఉషారు ఎక్కువ. నేను లేచి నిలవడ్డ. అవును, ఆరాధన నడుమనే! "అయ్యగారూ, మంగళారం దేవుడు మనల్ని చర్చిల ఉండమంటలేడు, ఇంట్ల ఉండమంటున్నడు" అన్న. అందరు నా దిక్కే చూసిండ్రు. "మన ప్రభువు తల్లి నిండు కడుపుతోటి ఆ ఊరికి దేనికి పోయింది? రాజు లెక్క రాయించుకోమన్నడని పోయింది. ఆ తొవ్వల పోతెనే కదా మనకు క్రిస్మస్ వచ్చింది. లెక్కకు నిలవడుడు గూడ భక్తే. నిజం చెప్పుడు గూడ భక్తే. ఆనాడు ఎవ్వరన్న గడప దాటినా, రాసేటాయనకు అబద్ధం చెప్పినా, నేను ఊకోను" అన్న. మాటియ్యమని అందరితోటి చేతులు గూడ ఎత్తిపిచ్చిన. అయ్యగారు నవ్వి, ప్రార్థన వెనుకకు జరిపిండు.

నేను అన్నది తప్పు గాదు బిడ్డా. ఇప్పుడు అడిగినా అదే చెప్త.

సోమారం పగటీలి, మధ్యాన్నం పూట, సర్కారు దవాఖానల, కమలమ్మ ప్రభువు దగ్గరికి పోయింది.

ఒళ్లంత నీరు పట్టి ఉండె పాపం. ఆటోల తీసుకోని వస్తే, ఇంటి ఓనరు గేటు కాడనే నిలవడ్డడు. పట్నంల నీకెర్కనే కదా, కిరాయింట్ల శవాన్ని పెట్టనియ్యరు. ఆయనతోటి కొట్లాడుకుంట కూసునే టైమా అది? "మా ఇంటికి తీసుకరాండ్రి" అన్న. గీ ముంగటి అర్రల్నే, నువ్వు కూసున్న కాడనే, మంచం జరిపి పెట్టినం. ఏసుదాసు ఆమె తలకాడ స్టూలు ఏసుకోని కూసున్నడు, ఇగ లేస్తలేడు. ఫ్రీజరు పెట్టె కోసం ఫోన్లు చేస్తే, రేపు బండ్లు నడవయమ్మా, ఇయ్యలేం అన్నరు. ఐసు గడ్డలు దొరికినకాడికి తెప్పిచ్చినం. వానకాలం, ఒళ్లేమో నీరు పట్టింది. బుధారం దాక నిలవదని దవాఖానల్నే చెప్పిండ్రు. మంగళారమే మట్టి చెయ్యాలె. శవపెట్టె తెచ్చినం. సమాధుల తోట కాడ గుంత తవ్విపిచ్చినం. తోట కావలాయన ఆడనే ఉంటడు, ఆయన ఇల్లే అది, ఆయనకు కదిలే పని లేదు. "ఆరింటి లోపల తీసుకరాండ్రి" అన్నడు.

అన్ని అయినయి. మోసేటోళ్లేరి?

మా చర్చిల ఒక పద్ధతి ఉన్నది. మా పెద్దోళ్ల కాలం నుంచి ఉన్నది. పెట్టెను బండిల ఎయ్యం, కూలికి మనుషులను పెట్టం. మనోళ్లే భుజం మీద మోస్కపోవాలె. సంసోనని, ఆటో నడుపుతడు, ఎవరు పోయినా ముందు భుజం ఆయనదే. ఫోను కొట్టిన. "అమ్మా, మీరే కదా చేతులు ఎత్తిపిచ్చింది, గడప దాటొద్దని" అన్నడు. ఎక్కిరిస్తలేడు, పాపం, నిజంగనే అడుగుతున్నడు. ఇంకో ఇద్దరికి చేసిన, అదే మాట. నా మాట నాకే అడ్డమొచ్చింది చూడు! శాంతి మూతికి కొంగు పెట్టుకోని నవ్వుతున్నది. సావు ఇంట్ల!

మంచిగ ఆలోచన చేసిన. ఇగ గిట్ల గాదని మల్ల అందరికి ఫోన్లు కొట్టిన. "అన్నా, లెక్క అయ్యేదాక ఇంట్లనే ఉండు. రాసేటాయన నీ గడప దిగంగనే నువ్వు గూడ దిగు, సీదా మా ఇంటికి రా" అన్న. సర్కారుకు ఇయ్యాల్సింది పొద్దుగాల ఇస్తరు, కమలమ్మకు ఇయ్యాల్సింది సాయంత్రం ఇస్తరు. దాంట్ల కొట్లాట ఏమున్నది?

కని ఏసుదాసు సంగతి నేను అనుకోలే. అందరు లెక్కల ఉంటరు, ఆయన ఒక్కడే ఉండడు. ఆయన అర్ర చిక్కడపల్లిల, ఆయనేమో ఈడ. రాసేటాయన వచ్చి తాళం చూసి పోతడు. అందరు చెప్పిండ్రు, "నువ్వు పోయి మీ ఇంట్ల కూసో, ఆమెను మేం చూసుకుంటం" అని. ఆయన ఒక్కటే మాట. "ఆమెను ఇడిచి పోను." ఎన్నిసార్లు చెప్పినా గంతే. ఆ పింఛను పోతే ఆయన ఎట్ల బతుకుతడు చెప్పు? చర్చోళ్లం ఎన్ని దినాలు పెడతం? మొదటి నెల అందరు పెడతరు. మల్ల ఎవరి సంసారం వాళ్లది.

మంగళారం మా ఇంటికి పొద్దుగాలనే వచ్చి రాసుకోని పోయిండ్రు. నా లెక్క అయిపోయింది కదా, ఇగ నాకేంది! ఏసుదాసు జేబులకెల్లి తాళపుచెవి తీసుకోని చెప్పులు ఏసుకున్న. బయటికి వచ్చి చూస్తే, దీపా, ఇన్నేండ్ల సంది ఈన్నే ఉన్న, గట్ల ఎన్నడు చూడలే. చిక్కడపల్లి మెయిను రోడ్డు మీద కుక్కలు అడ్డంగ పండుకున్నయి. యాడనో ఒక ఇంట్ల కుక్కరు విజిలు ఏస్తే రోడ్డంత ఇనవడ్డది. ఒక పోలీసాయన "యాడికమ్మా" అన్నడు. "సావు ఇంటి పని నాయినా" అన్న, ఇడిచిపెట్టిండు.

ఏసుదాసు అర్ర తీసి గడపల కూసున్న. గంటలు గంటలు కూసున్న. ఓనరు భార్య పాపం చాయ్ ఇచ్చింది, మొకం చూస్తలేదు గాని ఇచ్చింది. పగటీలి దాటినంక రాసేటాయన వచ్చిండు. సర్కారు బళ్లె సారట. చెమటలు కారుతున్నయి, నెత్తిమీద కర్చీపు.

"ఏసుదాసు మీకేమైతడమ్మా?" అన్నడు.

ఇగ చూడు, అక్కనని చెప్పొచ్చు. సంఘంల అందరం అన్నదమ్ములం అక్కచెల్లెండ్లమే కదా, నాలిక దాక వచ్చింది. కని ఆయన అడిగింది ఆ అక్క గాదు, నాకు ఎర్కనే. మొన్ననే అందరి ముంగట నిజం చెప్పాలెనని నిలవడ్డ కదా. "ఏం గాడు సార్, మా చర్చి మనిషి. భార్య నిన్న పోయింది. శవం మా ఇంట్ల ఉన్నది, ఆయన ఆడ కూసున్నడు" అన్న.

"మనిషి ఉండాలెనమ్మా. చూసి రాయాలె నేను."

"మీరే రాండ్రి సార్. చూద్దురు."

"నాకు ఇంక గల్లీ మొత్తం ఉన్నది."

"మొత్తం చేసుకోని ఆఖరుకు రాండ్రి. మీ పని పాడు చేసుకొమ్మంటలేను. మేం ఆగుతం."

"ఎప్పుడైతదో నేను చెప్పలేనమ్మా."

"ఆగుతం అన్న కదా సార్." ఇల్లు గుర్తులు చెప్పి, వచ్చిన.

ఇంటికొచ్చేసరికి ఒక్కొక్కరు వస్తున్నరు. సంసోను వచ్చిండు, లెక్క అయిందమ్మా అనుకుంట, ఏదో పరీక్ష పాసయినట్టు. అయ్యగారు వచ్చిండు. ఇంకొకాయన వచ్చిండు. నాలుగో భుజం తక్కువ పడ్డది. పక్క అపార్టుమెంటుల మూర్తి గారని ఉంటరు, కోస్తా ఆయన, బ్యాంకుల చేసి రిటైరైండు. మా చర్చి కాదు, దేవుని గదిల దీపం పెట్టంది చాయ్ తాగడు. ఆయనకు ఆ సర్వే అంటే లోపల గుబులు ఉండె, మీరు ఎక్కడోళ్లని గట్టిగ అడుగుతరేమోనని. ఏం అడగలేదట. మెట్ల కాడికి వచ్చి, "అమ్మా, మాది అయిపోయిందండి. నేను పట్టుకోవచ్చా? మీ పద్ధతికి ఏమైనా అడ్డమైతే చెప్పండి" అన్నరు. నేను అయ్యగారి దిక్కు చూసిన. అయ్యగారు మూర్తి గారి భుజం దిక్కు చూసి, "మన ఎత్తే ఉన్నరు" అన్నడు. ఇంకేం కావాలె!

నాలుగు దాటింది. అయిదయింది. ఆ సారు రాలే. అయ్యగారికి పరేషాను మొదలైంది. "ఆరింటికి గేటు మూస్తరమ్మా. ఒక్క మనిషి లెక్క కోసం దేవుని బిడ్డను ఆపుతున్నవు" అన్నడు.

"ఆ ఒక్క మనిషి గూడ దేవుని బిడ్డనే అయ్యగారూ" అన్న.

ఏసుదాసు గూడ అన్నడు, "అక్కా, పోతే పోనియ్ పింఛను, లేద్దాం" అని. నేను ఒప్పుకోలే. "ఇయ్యాల అట్లనే అంటవు. రేపు ఒక్కనివి అన్నం తినాలె నువ్వు" అన్న. గట్టిగనే అన్న గాని, గడియారం దిక్కే చూస్తున్న బిడ్డా. ఆ సారు రాకపోతె? గేటు మూస్తే? గీ ముసలిదాని మొండితనానికి కమలమ్మ ఇంకో రాత్రి గిట్లనే ఉండాలెనా? వంటర్రలకు పోయి, పొయ్యి కాడ నిలవడి, "ప్రభువా, నేను సరిగనే చేస్తున్న అనుకుంటున్న, ఆ సారును జర తోలు" అన్న. గంతే ప్రార్థన.

వచ్చిండు. కాళ్లు ఈడ్సుకుంట వచ్చిండు. గడప కాడికెల్లి పెట్టెను చూసి చెప్పులు ఇడిచిండు. లోపలికి వచ్చి ఏసుదాసు ముంగట కింద కూసున్నడు. పేరు అడిగిండు, వయసు అడిగిండు. మల్ల, "ఇంట్ల ఎంతమంది?" అన్నడు.

ఏసుదాసు, "ఇద్దరం" అన్నడు.

సారు పెన్ను ఆగింది. అయ్యగారు, సంసోను, అందరు నా దిక్కు చూసిండ్రు. నేనే కదా నిజం చెప్పకుంటె ఊకోనన్నది. నలభై ఏండ్లకు మీద కాపురం చేసిన మనిషికి, నువ్వు ఒక్కనివే అని నేనెట్ల చెప్పాలె?

ఆయనే చెప్పిండు. పెట్టె మీద చెయ్యి పెట్టి, "కాదు సార్. నిన్నటిదాక ఇద్దరం. ఇయ్యాల ఒక్కన్నే. ఒక్కన్నే రాయి" అన్నడు.

సారు రాసిండు. సంతకం పెట్టిచ్చుకున్నడు. లేచి, "ఆమె పేరేంది?" అన్నడు. కమలమ్మ అని చెప్పినం. "దీంట్ల రాసేది గాదు, ఊరికెనే అడిగిన" అన్నడు. జరసేపు తల వంచుకోని నిలవడ్డడు. మల్ల, పొద్దుగాల తలుపు తియ్యని ఇండ్లు ఇంక ఉన్నయని బయలెల్లిండు. మంచినీళ్లు గూడ తాగలే. ఆయన డ్యూటీ ఆయనకున్నది.

మేం లేపినం పెట్టెను. ముందు సంసోను, అయ్యగారు. ఎనుక మూర్తి గారు, ఇంకొకాయన. పాట ఎత్తుకోని నడిచినం. నారాయణగూడ చౌరస్తా వచ్చింది. దీపా, నా అడుగు దానంతటదే ఆగింది, ఎప్పుడు ఆగే కాడ. చూస్తే ఒక్క బండి లేదు. ఒక్క బస్సు లేదు. సిగ్నలు లైటు దానికదే ఎర్రగ అయితున్నది, పచ్చగ అయితున్నది, ఎవ్వరి కోసమో. ఊరంత తలుపులేసుకోని ఇంట్ల ఉన్నది. మా కమలమ్మ రోడ్డు నడుమకెల్లి, సీదా, ఎవ్వరికి జరగకుంట, మెల్లగ పోయింది.

నేను నా మణికట్టు పట్టుకోని ఏడ్సిన. అందరు ఇనేటట్టు ఏడ్సిన. ఏసుదాసు నా పక్కకు వచ్చి, "చూసినవా అక్కా, భయపడలే" అన్నడు.

గేటు తెరిచే ఉండె. కావలాయన దీపం పట్టుకోని నిలవడ్డడు, టైము సంగతి ఎత్తనే లేదు.

ఆ? పింఛనా? వస్తున్నది. ఏసుదాసు ఆదివారం ఆదివారం మనింట్లనే తింటడు కదా, మొన్న నీకు చేపల కూర ఎక్కువ ఏసింది ఎవరనుకున్నవు? ఆయననే.

ఇగ నీ సంగతి. పొద్దుగాల ఆరున్నరకు మొదటి ఆరాధన ఉన్నది, నిద్ర లేవవని నీకు ఎవ్వరు చెప్పలే. దానికి పో. మల్ల పోయి టెస్టు రాయి, మంచిగ రాయి, సగం మనసుతోటి రాయకు. దేవుని కాడ ఉన్నప్పుడు పూరా దేవుని కాడ ఉండు, పని కాడ ఉన్నప్పుడు పూరా పని కాడ ఉండు. ఆఫీసరువు అయితవు, నాకు నమ్మకమే. ఎన్నడో ఒకనాడు నువ్వు గూడ ఎవరి తలుపో కొట్టుతవు. అప్పుడు ఆ సారు తీరుగ చెప్పులిడిచి కూసోని అడుగు. రాసేది గాకున్నా, ఒక్కసారి పేరు అడుగు.

ప్రభువు నీకు తోడుండాలె బిడ్డా, నిండు నూరేండ్లు సల్లగ ఉండాలె. ఇగ లే, ఆ బల్బు పెట్టు. ఆదివారం పొద్దుగాల గూడ చౌరస్తా కాడ బండ్లు మస్తుంటయి, జర పైలం. భయమైతే ఫోను కొట్టు, నేనొస్త. ఈ చెయ్యి ఖాళీగనే ఉన్నది ఇప్పుడు...